తలారి ఓబులయ్య జల్లెడ

మీ తాతకు తాత, ఆయనకూ తాత పుట్టకముందు మాట. ఎర్రమట్టి కొండల నడుమ ఒక ఊరు. ఆ ఊరికి తలారి ఓబులు. పెళ్ళాం పోయింది. సుంకులు అని ఒక్కతే కూతురు. కావలి కాయడం, చాటింపు వేయడం, పిలిస్తే పరుగెత్తడం అతని పని. అవన్నీ ఒక ఎత్తు, సూర్యగ్రహణం ఒక ఎత్తు.

గ్రహణం పట్టిందంటే ఆ ఊళ్ళో పొయ్యి వెలగదు. మంచినీళ్ళు కూడా ముట్టరు. విడిచాక స్నానం, ఆ తరువాతే తిండి. మరి విడిచిందని ఎవరు చెప్పాలి? ఎవరో ఒకరు సూర్యుణ్ణి చూసి తప్పెట కొట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ పేదవాడే కదా!

మొదటి గ్రహణం వచ్చింది. ఊరంతా లోపల, ఓబులొక్కడే బయట. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాడు. విడవగానే తప్పెట కొట్టాడు. ఊరు తానాలు చేసి అన్నాలు తింది. ఓబులుకు ఎడమ కన్ను పోయింది.

"పోతే పోనీలేరా, ఇంకో కన్ను ఉండాది గదా," అన్నాడు ఊరిపెద్ద. చేటెడు జొన్నలు పెట్టించాడు.

రెండో గ్రహణం వచ్చింది. ఊరంతా లోపల, ఓబులొక్కడే బయట. ఈసారి కుడి కన్నూ పోయింది.

"దానికేంలేరా, కూతురుండాది గదా," అన్నాడు ఊరిపెద్ద.

తన కళ్ళు పోయినప్పుడు ఏడవనివాడు ఆ మాటకు ఏడ్చాడు.

మూడో గ్రహణం వచ్చింది. ఊరంతా లోపల, తండ్రీకూతుళ్ళు బయట. ఓబులు జొన్నల జల్లెడ తెచ్చి కూతురి తలమీద గొడుగులా పట్టాడు.

"తలెత్తితే నామీద ఒట్టమ్మా. నేల చూడు. ఎండ సెగ తగ్గేదీ పెరిగేదీ నా మొగానికి తెలుస్తాది. నేను జెప్తా."

సుంకులు నేల చూసింది. "నాయనా! జల్లెడ నీడలో సూర్యుళ్ళుండారు! బెజ్జానికి ఒకడు. అందరినీ ఒక పక్క ఏదో కొరికింది!"

ఆ సూర్యుళ్ళు కొడవళ్ళంత సన్నబడ్డారు. మళ్ళీ మెల్లగా నిండారు. అందరూ గుండ్రంగా అయ్యారని కూతురు చెప్పాకే ఓబులు తప్పెట కొట్టాడు.

అన్నాలు తిని ఊరిపెద్ద వచ్చాడు. సుంకులు కళ్ళలోకి చూశాడు. "దీని కండ్లు కాలలేదు. అంటే ఇది సూర్యుణ్ణి చూడలేదు. దొంగ తప్పెట కొట్టి, గ్రహణంలో మాచేత కూడు తినిపించినారు!"

చూశారా బుద్ధి! కన్ను కాలితేనే పని చేసినట్టట. జల్లెడ చూపించబోతే విసిరికొట్టారు.

ఆ వారంలోనే ఊరిపెద్ద ఎద్దులు రెండు చచ్చాయి. ఇంకేముంది, ఓబుల్ని కొట్టి పొలిమేర అవతల పడేశారు. చుక్క నీళ్ళు ఇవ్వకూడదన్నారు. సుంకుల్ని పొలిమేర గట్టు దాటనివ్వలేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. మూడో రోజు గట్టు ఇవతల ఆ పిల్ల ఏడుపు విని ఓబులు తల తిప్పాడు.

"అమ్మా, నీ కండ్లు బాగుండాయా?"

"బాగుండాయి నాయనా!"

"సాలు," అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.

నాలుగో గ్రహణం వస్తుందనగానే ఊరు వణికింది. ఈసారి ఎవరి కన్ను ఇవ్వాలి? ఎవరి బిడ్డ వాళ్ళకు తీపి. చివరికి ఊరిపెద్దే సుంకులు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ జల్లెడ ఎట్ల పట్టాల్నో చెప్పమ్మా."

"చెప్తా. పట్టేది మాత్రం నువ్వే," అంది సుంకులు.

సూర్యుడికి వీపు పెట్టి, జల్లెడ పట్టి, తల దించి నిలబడ్డాడు ఆ పెద్దమనిషి. తల దించడం ఆయనకు అదే మొదలు.

అప్పటినుంచీ ఆ కొండల్లో గ్రహణం నాడు పనివాళ్ళనూ పిల్లలనూ బయటికి పంపరు. ఇంటికి పెద్దయినవాడే జల్లెడ తీసుకుని వెళతాడు. నేలమీద సూర్యుళ్ళు నిండాక పొలిమేర వైపు తిరిగి, చెంబెడు నీళ్ళు మట్టిలో పోస్తాడు. "ఓబులయ్యా, విడిచింది నాయనా, నీళ్ళు తాగు," అంటాడు. ఆ తరువాతే ఊళ్ళో ఎవరైనా గొంతు తడుపుకునేది.