రబ్బరు చేసిన చిల్లు

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పకపోవడం భ్రమరాంబ టీచరుగారి అలవాటు. ముందు వాళ్ళ చేతిలో ఏముందో చూస్తారు. రిటైరై పదకొండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఆ ఆదివారం హైమవతి చేతిలో లావుపాటి ఫైలుంది. ఒకప్పుడు టీచరుగారి దగ్గరే లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు బొబ్బిలి దగ్గర బడిలో అవే లెక్కలు చెబుతోంది. ఉన్నత స్థాయి ఉపాధ్యాయ ధ్రువపత్రం కోసం పంపిన ఫైలు "మీ బోధన కనిపించడం లేదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. మళ్ళీ పంపడానికి రేపే ఆఖరు. ఆ తరువాత ఇంకో అవకాశం లేదు.

"ఇరవై రెండేళ్ళు చెప్పానండీ. ఇంకెలా కనిపించాలి?" అంది.

టీచరుగారు కళ్ళజోడు తుడుచుకుని ఫైలు తెరిచారు. లోపల అయిదో తరగతి పిల్ల పైడితల్లి నోటుపుస్తకం. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మూడు ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి, జంతికలు పెట్టి, అన్నీ కొత్త పుస్తకాల్లోకి ఎత్తి రాయించింది హైమవతి. తనిఖీ వస్తుందంటే ఏ బడిలోనైనా చేసే పనే.

"ఈ పిల్లకి మొదటి రోజే అన్నీ వచ్చేశాయే. ఇక నువ్వు బడికెందుకు వెళ్ళినట్టు?"



టీచరుగారు హైమవతి సంచి దగ్గరికి లాక్కున్నారు. ఫైలు వంగకుండా అడుగున పెట్టిన పాత పుస్తకం దొరికింది. అదీ పైడితల్లిదే, చిత్తు పుస్తకం. అట్ట ఊడిపోయింది.

"అది చెత్తండీ."

"నీ చెత్త నేను చూడనిదా? నీ ఎక్కాలు దిద్దినదాన్ని."

సగమూ మూడో వంతూ కలిపితే అయిదింట రెండు వంతులని రాసింది పిల్ల. పక్కన ఎర్ర సిరాతో హైమవతి రాత: "సగం దోసె తిన్నాక ఇంకాస్త తిన్నావు. తిన్నది సగం కంటే తగ్గిందా?" మర్నాడూ అదే తప్పు. ఆ మర్నాడు పిల్ల దోసె గీసి అయిదు ముక్కలు చేసింది. చెరిపింది, గీసింది, మళ్ళీ చెరిపింది. కాగితానికి చిల్లు పడింది. తొమ్మిదో రోజున దోసె ఆరు ముక్కలైంది. కింద, ఆరింట అయిదు. దాని పక్కన ఎర్ర సిరాతో ఒక చట్నీ గిన్నె.

ఆ గిన్నె చూసి హైమవతికి నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇదే పెడతానండీ. ఆ చిరిగిన పేజీకి మాత్రం వెనక కాగితం అతికించనా?"

టీచరుగారు ఆ పేజీని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, చిల్లులోంచి ఆమెను చూశారు.

"వద్దు. బాగానే కనిపిస్తున్నావు."