ఎండు కందకం

చైనాలో పసుపు నది పక్కన గోధుమచేల సీమ ఒకటుండేది. ఏలేది పులి చక్రవర్తి. ఆయన మీద నక్కలు తిరగబడ్డాయి. వరదకి బొరియలు పోయాయి గానీ పన్ను మాత్రం తగ్గలేదు, తిరగబడక ఏం చేస్తాయి? అంతవరకు నేను తప్పుపట్టను. కానీ కోపం పులి మీదైతే దోచింది కుందేళ్ల గాదెల్ని. రెండేళ్లు గింజ మిగల్లేదు. మూడో కోత కూడా పోతే కుందేళ్లకి చావే.

మొదట గుర్రం సేనాపతిగా వచ్చాడు. నక్కలు పరుగెత్తాయి, ఆయన తరిమాడు. నెలంతా అదే పని. సైన్యం సొమ్మసిల్లిన రోజు నక్కలు గిర్రున వెనక్కి తిరిగాయి. గుర్రం మరి లేవలేదు.

తరవాత మందడుగు అనే ఎద్దు వచ్చాడు.

"అయ్యా, మీరు పరుగెత్తగలరా?" అంది ముసలి కుందేలు.

"పరుగెత్తలేనమ్మా."

"మరి నక్కల్ని ఎట్లా పడతారు?"

"తవ్వుతాను."

ఆ సీమకి రెండు వైపులా నది, మూడో వైపు కాలువ. నాలుగో వైపు ఖాళీ. నక్కల రాకపోకలన్నీ అటే. అక్కడ కాలువ నుంచి నది గట్టుదాకా తన దున్నల దండుతో కందకం తవ్వించడం మొదలుపెట్టాడు.

నక్కల నాయకుడు ఎర్రమూతి వచ్చి చూశాడు. "ఏం బావా, చెరకు నాటుతున్నావా?" అని అటు దూకి, ఇటు దూకి, తోక ఊపాడు. "దమ్ముంటే పట్టుకో."

దున్నలకి ఒళ్లు మండింది. "అన్నా, ఒక్కమాట అను. తొక్కేసి వస్తాం."

"గుర్రం దొర కూడా అదే అన్నాడు. తవ్వండి."

రాజధాని నుంచి చిలక వచ్చింది. "ఎండు గోతిలో ఏం యుద్ధమని ప్రభువు మండిపడుతున్నారు. పదవి ఊడుతుందట."

"వానలదాకా ఆగమను. అప్పటికీ తేలకపోతే తలే ఇస్తాను," అన్నాడు మందడుగు.

కోతలయ్యాయి. వానలు పట్టాయి. నది పొంగింది. కుందేళ్లనీ గింజల్నీ కందకం మట్టితో కట్టించిన కోటలో పెట్టి తలుపులు మూయించాడు. నక్కలు ఎప్పట్లాగే ఎండు కందకంలోకి దూకి, ఇవతలి గట్టెక్కి లోపలికొచ్చాయి. ఎవరూ ఆపలేదు. చివరి నక్క దాటగానే మందడుగు నది గట్టు తెగ్గొట్టించాడు. కందకం నిండా నీళ్లు. దున్నలకి ఇంకేం కావాలి, హాయిగా దిగి వరసగా కొమ్ములు చాచి నిలబడ్డాయి.

కోట తలుపులు తెరుచుకోక నక్కలు వెనుదిరిగాయి. కందకంలో కొమ్ములు. నదికి పోతే వరద. కాలువకి పోతే అక్కడా వరదే. తరిమేవాడు లేకుండానే మూడు రోజులు పరుగెత్తాయి. నాలుగో రోజు ఎర్రమూతి రొప్పుతూ మందడుగు ముందు కూలబడ్డాడు.

"ఒక్కసారి తరిమి ఉంటే నేనే గెలిచేవాణ్ణి," అన్నాడు.

"తెలుసు. అందుకే తరమలేదు."

"ఇప్పుడు చంపుతావా?"

"గట్టు తెగ్గొట్టింది నేను. మళ్లీ కట్టాలి, నా దున్నలు చాలవు. కడితే నీ దండుకీ కోటలో గింజ పెట్టిస్తాను. బొరియలు ఎత్తు మీద తవ్వుకోండి, పన్ను సంగతి నేను పులితో మాట్లాడతాను."

ఎర్రమూతి లేచి తెగిన గట్టు దగ్గరికి నడిచాడు. తన దండుకంటే ముందు తనే మట్టి ఎత్తాడు.

నీతి: పారిపోయేవాడితో పరుగు పెట్టుకోకు, వాడు పోయే దారి మూసి నిలబడు.