ఏడు గంటల బస్సు

ఆ సాయంత్రం లోవరాజు తంబురా ముట్టలేదు. గోడకి చేరబడి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

గురువు సన్యాసయ్యగారు శ్రుతి సరిచూసుకుంటూ అడిగారు. "ఏట్రా నాయనా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది గురువుగారూ. ఆ బస్సే బాలేదు."

లోవరాజు మన్యంలోని ఆ కొండ ఊళ్ళో గురువుగారింట ఉంటూ తత్వాలు నేర్చుకుంటున్నాడు. పొద్దున్నే ఏడు గంటల బస్సెక్కి, కింద పట్నంలో డిగ్రీ చదువుకొస్తాడు. పుష్యమాసం వచ్చాక పొగమంచులో ఎదుటి మనిషి కనబడటం లేదు. ఏడు గంటల బస్సు ఎనిమిదికి వస్తోంది. ఒక్కోరోజు అసలు రావడమే లేదు. ఆలస్యంగా వెళితే కెమిస్ట్రీ మేడమ్ గుమ్మం దాటనివ్వదు.

"రేపు ప్రాక్టికల్ పరీక్ష. రేపు గానీ ఆలస్యమైతే ఈ ఏడాది పోయినట్టే. ఆ చలిలో నిలబడి కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. డ్రైవరుకి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు. పొద్దున్న పట్టిన కోపం రాత్రికి కూడా దిగట్లేదు గురువుగారూ. ఇంక తత్వమెలా పాడమంటారు?"

సన్యాసయ్యగారు తంబురా పక్కన పెట్టారు.

"రేపు నేనూ వస్తాన్లే. పడుకో."

తెల్లారేసరికి కొండంతా తెల్లగా మంచు కమ్మేసింది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో చిక్కుడుకాయల మూటలతో నలుగురు ఆడవాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. లోవరాజు రోడ్డు మధ్యకెళ్ళి, మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. చూపు తిప్పితే బస్సు వచ్చి వెళ్ళిపోతుందేమో అన్నట్టున్నాడు.

"చూశారా గురువుగారూ? ఏడు దాటిపోయింది."

"చూశాను."

కాసేపటికి, "ఇవాళ కూడా రాదు" అన్నాడు.

ఆయన కండువా చెవుల మీదుగా చుట్టుకున్నారు.

చాలాసేపటికి మలుపులో రెండు దీపాలు మసకగా కనిపించాయి. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే లోవరాజు మెట్టు మీద కాలు పెట్టేశాడు.

వెనక నుంచి సన్యాసయ్యగారు వాడి భుజాలు పట్టుకున్నారు. మెల్లగా అటు నుంచి ఇటు తిప్పారు. అంతే.

లోవరాజుకి కొండ మీంచి దిగే కాలిబాట కనిపించింది. మంచులో ఇద్దరు మనుషులు. మొగుడి చేతిలో బట్టల మూట. రెండో చేత్తో పెళ్ళాన్ని పట్టుకుని దింపుతున్నాడు. ఆమె నిండు చూలాలు. బస్సుని చూసి తొందరపడుతోంది. తడి రాళ్ళ మీద జారుతుందేమోనని అతను ఆపుతున్నాడు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆడవాళ్ళంతా ఎక్కేశారు.

లోవరాజు బస్సుని చూశాడు. బాటని చూశాడు.

"అన్నా, ఒక్క నిమిషం ఆపండి! మనుషులొస్తున్నారు!"

డ్రైవరు తల బయటపెట్టాడు. "ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఇదే మాటంటారు తమ్ముడూ. కాదనడానికి నాకు మనసొప్పదు. తీరా ఆలస్యమైందని తిట్టేదీ మీరే." అని ఇంజను ఆపేశాడు.

లోవరాజు మెట్టు దిగాడు. మరుక్షణం కొండ వైపు పరుగెత్తాడు. మూట తను అందుకుని, "నెమ్మదిగా రా అక్కా, బస్సు ఎక్కడికీ పోదు" అంటూ ముందు నడిచాడు. ఆమె ఆయాసపడుతూనే నవ్వింది. ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టి, మూట చేత్తో పట్టుకుని తను మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"గురువుగారూ, మీరూ ఎక్కండి" అన్నాడు డ్రైవరు.

"నాకు పట్నంలో పనేటి బాబూ? వీణ్ణి సాగనంపడానికొచ్చాను."

చీకటి పడేవేళకి లోవరాజు తిరిగొచ్చాడు. సన్యాసయ్యగారు పొయ్యి ముందు కూర్చుని రాగిజావ కలుపుతున్నారు.

"పరీక్షేమైందిరా?"

"మేడమ్ గుమ్మంలోనే నిలబెట్టేసింది గురువుగారూ. బతిమాలితే మధ్యాహ్నం బ్యాచితో చేయనిచ్చింది."

"మళ్ళీ బస్సు ఆలస్యమా?"

"బస్సు కాదండీ" అన్నాడు లోవరాజు. "ఆపించింది నేనే."

సన్యాసయ్యగారు పొయ్యి దగ్గర కొంచెం పక్కకి జరిగారు.

"ఇలా వచ్చి కూర్చో. చల్లారకముందే తాగు."