బావి ఎవరిది?

పూర్వం ఒక ఊళ్లో దిగుడుబావి నీళ్లు తాగి పిల్లలు వాంతులతో పడకేశారు. కుమ్మరి సన్యాసమ్మ జబ్బుపడ్డ మనవరాలిని భుజాన వేసుకుని, బావి పూడిక తీయించమని పెద్దలను అడిగింది.

"అది మునసబు పని," అన్నాడు కరణం.

"వైద్యుడి పని," అన్నాడు మునసబు.

"నా పని మందివ్వడం వరకే," అన్నాడు వైద్యుడు.

మర్నాడు సన్యాసమ్మ బావి మెట్లకు ముళ్లకంప అడ్డం వేసి కూర్చుంది.

"ఏమే, బావి నీ సొత్తా?" అని ఊరివాళ్లతో వచ్చిన మునసబు కేకలేశాడు.

"పని ఎవరిదీ కాదన్నారుగా బాబూ! బావి కూడా ఎవరిదీ కాదేమో అని నేను తీసుకున్నాను."

"ఎవరిదీ కాకపోవడమేమిటే? ఊరందరిదీ!"

"మరి అందులో బురద?"

మునసబుకు ఆమె ముఖం చూడటానికి మొహం చెల్లలేదు. పంచె ఎగగట్టి, తట్ట అందుకుని, అందరికంటే ముందు తనే దిగాడు.