సామి చేతి తూటా

"సామీ, చేసిన తప్పు ఒప్పుకోనోని మీద కోపం పెట్టుకుంటే పాపమా?"

అడిగినది సుంకమ్మ. అడిగినది మారెప్ప సామిని. ఆయన అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. ఆయనకు మఠం లేదు, కాషాయం లేదు. కాస్త చేను, ఒక రేకుల ఇల్లు, దాని ముందు ఈ అరుగు. వయసులో ఉండగా ఆయనా వేటాడినవాడే. తర్వాత తుపాకి వదిలేసి గురుబోధ పట్టుకున్నాడు. కొండ కింది ఊళ్ళలో ఆయన్ని నమ్ముకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఎవరేమడిగినా ఆయన నోటితో జవాబు చెప్పే రకం కాదు. "కూచో" అనేవాడు. కూర్చున్నవాళ్ళ కళ్ళముందు ఏదో ఒకటి జరిగేది. అదే జవాబు. తెలిసినవాళ్ళకు తెలిసేది. తెలియనివాళ్ళు ఆయనకు చింతపండు బాగుచేసి ఇచ్చి ఇంటికి పోయేవాళ్ళు.

"కూచో" అన్నాడు సామి.

సుంకమ్మ కూర్చోలేదు. ఆమె కూర్చునే స్థితిలో లేదు. పోయిన నెల మొక్కజొన్న చేలో బజారప్ప ఒక అడవిపందిని కొట్టాడు. ఊరి పంటలు పాడవుతుంటే పందుల్ని కొట్టడానికి అనుమతి తెచ్చుకున్న వేటగాడు అతనొక్కడే. మిలిటరీలో చేసి వచ్చినవాడు, ఇప్పుడు తల పండిపోయింది. తుపాకి పేలింది. పంది కంకుల్లోకి ఒరిగింది. "పడిపోయింది, ఈడ్చుకు రాపోండ్రా" అన్నాడు. అందరికంటే ముందు పోయినవాడు సుంకమ్మ పెద్దకొడుకు వీరేషు. పంది చావలేదు. తూటా దాని తుంటిని రాసుకుని పోయిందంతే. అది లేచి వీరేషు ఎడమ తొడను కోరతో చీల్చి అడవిలోకి పోయింది. ట్రాక్టరు తోలి ఇల్లు నిలబెడుతున్న పిల్లవాడు. క్లచ్ తొక్కే కాలు అది. ఇప్పుడు దొడ్డికి పోవాలన్నా గోడ పట్టుకుని పోతున్నాడు.

బజారప్ప ఆసుపత్రికి వచ్చాడు. పండ్లు తెచ్చాడు, డాక్టర్లతో మాట్లాడాడు. పోతూ పోతూ వసారాలో ఎవరితోనో అన్నాడు: "ఏం జేస్తాం, పిల్లోడు తొందరపడినాడు."

ఆ మాట సుంకమ్మ చెవిన పడింది. ఆ పొద్దు నుంచి ఆమె తినే ముద్దలో ఆ మాటే రాయిలా పంటికి తగులుతోంది. చీల్చింది పంది. దానికి బుద్ధి లేదు. పడిందని చెప్పినవాడికి బుద్ధి లేదా? పడకముందే పడిందని చెప్పి, నమ్మి పోయిన పిల్లవాడిదే తప్పంటాడా?

ఇప్పుడు మళ్ళీ వేట. తెల్లవారితే ఇంటికొక మనిషి చేలల్లోంచి పందుల్ని అదిలించడానికి పోవాలి. వీరేషు లేవలేడు కాబట్టి చిన్నవాడు గిడ్డయ్య పోతానన్నాడు. "మన సెనక్కాయ గూడా తవ్విపోసినాయి గదమ్మా, మనం పోకుంటే ఎట్ల?" అన్నాడు. ఆమె వద్దనలేకపోయింది. వాడన్నదాంట్లో తప్పు లేదు. కానీ తుపాకి పట్టేది అదే బజారప్ప. పట్టే తుపాకి కూడా అదే.

ఆ తుపాకి సంగతి ఊరందరికీ తెలుసు. బజారప్ప తండ్రి నాటి పెద్ద రైఫిలు. దాని తూటా మధ్యవేలంత ఉంటుంది. పేలితే ఎదుటివాణ్ణి ఎంత కొడుతుందో, పట్టినవాణ్ణీ అంత తన్నుతుంది. వేటకు పోయివచ్చిన ప్రతిసారీ బజారప్ప కుడిభుజం నేరేడు పండు రంగు తిరిగేది. అతని భార్య తిప్పమ్మ ఉప్పు మూట కాచి కాపడం పెట్టేది. అతనికి ఇంకొక రైఫిలు ఉంది. చిన్నది, తేలికది, సన్న తూటాది. అంతగా తన్నదు. నడవలో గోడ కొయ్యకు కట్టి ఉంటుంది. దాన్ని దించమని తిప్పమ్మ రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. "నక్కల్ని బెదిరించేదాన్ని పట్టుకోని పంది మీదికి పోతే ఊళ్ళో మీసం తిప్పేదెట్ల?" అనేవాడు బజారప్ప.

సుంకమ్మ నిలబడే ఉంది. ఇంతలో బజారప్ప రానే వచ్చాడు. వెనక తిప్పమ్మ, ఆ వెనక అదిలించేవాళ్ళు కొందరు. అదొక ఆచారం. వేటకు ముందు రోజు తుపాకిని గురువు అరుగు మీదికి తెస్తారు. గొంగడి పరచి, పెట్టి, పసుపు బొట్టు పెడతారు. మొదటి తూటా సామి తన చేత్తో పెట్టి ఇస్తాడు. ఆ తూటాతో వేటగాడు ఎదురుగా గుంజ మీద బోర్లించిన కుండను కొట్టాలి. కుండ పగిలితే తుపాకి నోరు తెరిచినట్టు. సామి తూటా పెట్టేటప్పుడు వేటగాడు చూడకూడదు, తల తిప్పుకోవాలి. చూశాడంటే గురువు చేతిని అనుమానించినట్టు.

పోయిన నెల కూడా ఇదంతా జరిగింది. కుండ పగల్లేదు, మూతి అంచు మాత్రం ఎగిరింది. "పగిలినట్టే లే" అన్నారు అందరూ. సుంకమ్మ కూడా అక్కడే ఉంది.

"ఏం కోడలా, నువ్వూ వచ్చినావా?" అన్నాడు బజారప్ప ఆమెను చూసి, ఊరి వరసలో.

సుంకమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"వీరేషుకు ఎట్లుంది?"

"కాలుంది మామా. ఊరికే ఉంది."

బజారప్ప గొంగడి మీద పెద్ద రైఫిలు పెట్టి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. సామి తుపాకిని చూశాడు. ఆ తర్వాత అతని భుజాన్ని చూశాడు.

"చిన్నది తేలేదేం?"

"పంది పడాలంటే బరువుండాల సామీ. సన్న తూటాకు అది దురద పుట్టినట్టు గోక్కోని పోతాది."

"ఇది నిన్ను తన్నడం లేదా?"

"నా తుపాకి తన్నేది పందిని సామీ, నన్ను గాదు."

"మరి తిప్పమ్మ కాపడం పెడతాంది ఎవరికప్పా, పందికా?"

వచ్చినవాళ్ళు నవ్వారు. బజారప్ప కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రం. తిప్పమ్మ నవ్వలేదు. సుంకమ్మకు ఆ నవ్వు నిప్పు తొక్కినట్టయింది. బిడ్డ కాలు పోతే వీళ్ళకు ఇంకా నవ్వొస్తోంది. గురువుకు కూడా వేళాకోళంగా ఉంది. తను అడిగినదేమిటి, ఈయన చేస్తున్నదేమిటి?

సామి చేతులు కడుక్కుని వచ్చాడు. బొట్టు పెట్టాడు. "తల తిప్పుకోప్పా" అన్నాడు. బజారప్ప కొండవైపు తిరిగి నిలబడ్డాడు. సామి లోపలికి పోయి గూట్లోంచి ఏదో తెచ్చాడు. రైఫిలు తెరిచి, దాన్ని లోపల పెట్టి, బోల్టు మూశాడు. సుంకమ్మ ఆయన పక్కనే ఉంది కాబట్టి చూసింది. అది తూటా కాదు. ఎప్పుడో పేల్చిన తూటా తాలూకు ఖాళీ గొట్టం. ముందు గుండు లేదు, లోపల మందు లేదు. ఆమె సామి మొహం చూసింది. ఆయన ఆమె మొహం చూడలేదు.

"తీసుకో" అని తుపాకి చేతికిచ్చాడు.

బజారప్ప కాళ్ళు ఎడంగా పెట్టాడు. తుపాకి భుజానికి ఆనించాడు. వెనక ఉన్నవాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. సుంకమ్మ పెట్టుకోలేదు. ఆమెకు తెలుసు గదా. చెవులు మూసుకోవలసిన పని లేదు కాబట్టి ఆమె కళ్ళు పూర్తిగా అతని మీదే ఉన్నాయి.

అతను ఊపిరి బిగబట్టాడు. వేలు బిగించాడు.

టక్కుమంది. అంతే.

తుపాకి పేలలేదు. కానీ బజారప్ప పేలినట్టే ఎగిరిపడ్డాడు. భుజం ముందుకు దూకింది, తుపాకి మూతి నేలవైపు ఒంగింది. మొహం పక్కకు తిరిగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. చప్పుడు లేని ఆ నిమిషంలో అది అందరికీ కనబడింది. పేలి ఉంటే ఎవరికీ కనబడేది కాదు. పొగ, మోత, తన్ను, అన్నీ కలిసి దాన్ని కప్పేసేవి. ఇన్నేళ్ళుగా కప్పుతూ వచ్చాయి కూడా. తన్ను రాకముందే తన్నుకు భయపడి, గుండు పోకముందే గురి వదిలేసి, ఈ మనిషి కళ్ళు మూసుకుని కొడుతున్నాడు.

ఒకడు చెవుల్లోంచి వేళ్ళు తీశాడు. మిగతావాళ్ళు తీయడం కూడా మరిచిపోయారు.

బజారప్ప నెమ్మదిగా కళ్ళు తెరిచాడు. కుండ కుండలాగే ఉంది. బోల్టు వెనక్కి లాగాడు. ఖాళీ గొట్టం దొర్లి గొంగడి మీద పడింది. దానివైపు చూస్తూ ఏదో అనడానికి పెదవి కదిపాడు.

సుంకమ్మ ఆగలేదు. నెల రోజులుగా నూరుకుంటున్న మాట నాలుక మీదే ఉంది. అది ఎవరి మీదికి పోతుందో ఆమె చూసుకోలేదు. వదిలేసింది.

"కన్నోడైతే తెలుస్తుండె మామా. గొడ్రాలి మొగుడివి, బిడ్డ కాలు పోతే నీకేం నొప్పి?"

ఆ మాట బజారప్పకు తగల్లేదు. అతని చూపు ఇంకా ఆ గొట్టం మీదే ఉంది. అతన్ని దాటిపోయి, వెనక నిలబడి ఉన్న తిప్పమ్మకు తగిలింది.

ఆసుపత్రిలో వీరేషు మంచం కింద చాప పరుచుకుని పడుకున్నది తిప్పమ్మ. ఇంటి దగ్గర బర్రె ఈనిందని సుంకమ్మ వచ్చేస్తే, పిల్లవాడి గుడ్డలు మార్చినది తిప్పమ్మ. నొప్పికి వాడు అమ్మా అని అరిచినప్పుడల్లా "ఆ నాయనా" అని పలికినది తిప్పమ్మ. వాడే చెప్పాడు సుంకమ్మకు.

తిప్పమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని వెనక్కి తిరిగి ఇంటివైపు పోయింది. ఎవరూ ఆపలేదు. సుంకమ్మ అప్పుడు కూర్చుంది, అరుగు మీద.

తిప్పమ్మ పోయింది ఏడవడానికి అనుకున్నారు. కాదు. కాసేపటికి తిరిగి వచ్చింది. చేతిలో చిన్న రైఫిలు ఉంది, పాత చీర చుట్టి. ఇంకో చేతిలో సన్న తూటాలు. మొగుడి ముందు పెట్టింది.

"ఇది పట్టుకో. లేదంటే ఏదీ పట్టుకోవాకు."

ఆమె గొంతు గట్టిగా లేదు. అయినా ఆ మాట తర్వాత మీసం సంగతి ఎవరూ ఎత్తలేదు. బజారప్ప పెద్ద తుపాకిని గొంగడి మీద పెట్టేశాడు. చిన్నదాన్ని తీసుకుని సామికి అందించి, తల తిప్పుకున్నాడు. ఈసారి సామి నిజమైన తూటానే పెట్టాడు. తుపాకి చిన్నగా పేలింది, ఎండుకట్టె విరిచినట్టు. భుజం కదిలింది, ఒరగలేదు. కుండ నడిమికి పగిలింది. అతని కళ్ళు తెరిచే ఉండడం సుంకమ్మ చూసింది.

బజారప్ప తుపాకి దించి సుంకమ్మ దగ్గరికి వచ్చాడు. ఎదురుగా నిలబడలేక కాస్త పక్కకు నిలబడ్డాడు.

"కోడలా, ఆ పొద్దు పంది పడడం నేను చూల్లేదు. కంకులు ఊగితే పడిందనుకున్యా. చూడకుండానే చెప్పినా. మీ పిల్లోడు తొందరపడలేదు. తొందరపడింది నేను." తుపాకి చెయ్యి మార్చుకున్నాడు. "రేపు నేను కొట్టింది చచ్చిందో లేదో చూసొచ్చేది నేనే. నేను పిలిచిందాకా గిడ్డయ్య పైరులోకి అడుగు పెట్టడు. నీ ముందర చెప్తాండా."

నెల రోజులుగా సుంకమ్మ ఎదురుచూసిన మాట అది. వచ్చేసింది. వస్తే గుండె తేలికవుతుందని అనుకుంది. వీరేషు కాలు అలాగే ఉంది, గోడా అలాగే ఉంది. తల ఊపింది. "సరే మామా" అన్నది.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. బజారప్ప పెద్ద తుపాకిని చీరలో చుట్టుకుని పోయాడు. తిప్పమ్మ ఒక్కతే మిగిలింది; వంగి పగిలిన పెంకులు ఏరుతోంది, పొద్దున ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని. సామి చింతపండు చాట మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

సుంకమ్మ చాలాసేపు ఆయన చేతులవైపే చూసింది. ఆ తర్వాత అన్నది:

"సామీ, నేనడిగిందానికి నువ్వు జవాబు చెప్పలేదు."

"కోపం పోయిందా?"

"పోలేదు."

"పొమ్మని నేననలేదే."

"ఆయప్ప ఒప్పుకున్యాడు. అయినా పోలేదు. పోదు గూడా. పొద్దున లేస్తే ఆ కాలు కనపడతాది గదా నాకు."

"కనపడతాది" అన్నాడు సామి. ఒక గింజ తీసి పక్కన పెట్టాడు. తల ఎత్తి పెంకులు ఏరుతున్న తిప్పమ్మవైపు చూశాడు. ఆ చూపు అక్కడే ఉంచి అన్నాడు:

"పెట్టుకోమ్మా కోపం. కండ్లు మాత్రం మూసుకోవాకు."