లోపల కడగరాదు

“చెత్త బయట పారేసి రమ్మంటాం కదా, ఆ బయట ఎక్కడుందో మీలో ఎవరైనా చెప్పగలరా?”

వరండాలో చాప పరుచుకుని, చేటలో మినుములు పోసుకుని, మట్టిబెడ్డలు ఏరుతూ రత్నమాంబ టీచరు మనవల్ని అడిగిన ప్రశ్న ఇది. సెలవులకు వచ్చిన పిల్లలు జవాబు కోసం పోటీపడ్డారు. వీధి చివర కుండీ అన్నాడొకడు. కుండీ తర్వాత ఎక్కడికని ఆవిడ అడిగారు. పంచాయతీ బండిలోకి అన్నారు. బండి తర్వాత? ఊరవతలకి. ఊరవతల ఏముంది మరి? అందరికంటే చిన్నది కాసేపు ఆలోచించి, “మా నాన్నమ్మ వాళ్ళ ఊరు” అంది. పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆ నాన్నమ్మతో ఈ మాట అనొద్దని రత్నమాంబ గారు దాన్ని దగ్గరకు తీసుకున్నారు.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న పెద్ద మనవరాలు విరజ మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్న పిల్లలకు వేసింది కాదని, తనకు వేసిందని ఆమెకు తెలుసు. అమ్మమ్మ ఉద్యోగమున్నంత కాలం హైస్కూల్లో సైన్సు చెప్పారు. అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఆవిడ ఇంటా వంటా లేదు. గాలికి బరువుంటుందా అని అడిగిన పిల్లవాడి చేతిలో సైకిలు ట్యూబు పెట్టి తక్కెడ తెచ్చుకోమన్న మనిషి. విరజ నిన్న సాయంత్రం ఒక మాట అడిగింది. దానికి జవాబు ఇంకా రాలేదు.

విరజ కడియం దగ్గర కడుతున్న ఒక కాలేజీ హాస్టలు పనిలో పర్యావరణ అధికారి. కట్టడంలో పుట్టే వ్యర్థం ఏదీ ఇష్టమొచ్చినట్టు పడకుండా, ఎక్కడ పుడుతుంది, ఎవరు తీస్తారు, ఎక్కడ చేరుతుంది, ఎవరు తనిఖీ చేస్తారు అన్నదంతా ఒక పద్ధతిలో పెట్టడం ఆమె పని. ఆ పద్ధతిని సైటులో అందరూ ఈఎంఎస్ అంటారు. ఆమె వచ్చిన కొత్తలో ఇనుప ముక్కలూ ఇటుక పెళ్ళలూ ఖాళీ సిమెంటు సంచులూ ఒకే గుట్టలో కలిసి ఉండేవి. ఇప్పుడు దేని అర దానిదే. రేపు ఆడిట్ వాళ్ళు వస్తున్నారు. అంతా సక్రమంగా ఉందంటే ఆ పద్ధతికి సర్టిఫికెట్టు చేతికొస్తుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సైటుకి కాస్త దిగువన వీరవేణి నర్సరీ ఉంది. ఆవిడ తోటలో గులాబీ, మందార మొక్కల ఆకులు అంచుల నుంచి మాడుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర కడుతోంది. ఎండిపోతున్నవి అమ్మకానికి పెంచిన మొక్కలైతే ఆవిడ ఏడ్చి ఊరుకునేదేమో. ఇప్పుడు ఆ మాడు తల్లి మొక్కలకు పాకింది. ఏటా కొమ్మలు కోసి అంట్లు కట్టేది వాటి నుంచే. అవి పోతే నర్సరీ లేనట్టే. మీ సిమెంటు నీళ్ళే నా మొక్కలకు విషమయ్యాయని ఆవిడ గేటు దగ్గరకు వచ్చి నిలదీసింది. మా గేటు లోంచి చుక్క నీరు బయటికి పారడం లేదని విరజ చూపించి మరీ పంపింది. చూపించింది అబద్ధమూ కాదు. అందుకే ఆమెకు నిద్ర పట్టలేదు. లోపల ఎక్కడా తప్పు లేదు, అయినా పక్కన మొక్కలు చస్తున్నాయి, ఇంకా ఏం చూడాలి అమ్మమ్మా అని నిన్న అడిగింది.

రత్నమాంబ గారు చేట పక్కకు జరిపారు. ఏరిన బెడ్డల కుప్పను గుమ్మం అవతల అలాగే వదిలి లేచి, గొడుగు అందుకున్నారు.

“ఇవాళ స్లాబు పోస్తున్నారన్నావుగా. పద, నీ స్కూటరు మీద ఒక కాంక్రీటు బండి వెనకాలే పోదాం. అదెక్కడ ఆగితే అక్కడ మనమూ ఆగుదాం.”

సైటులో ఆవిడ అన్నీ నింపాదిగా, హోంవర్కు దిద్దేటట్టు చూశారు. ఇనుము అర, చెక్కల అర, పెళ్ళల అర. బాగున్న చోట బాగుందన్నారు. అన్నిటికంటే పెద్ద బోర్డు గేటు పక్కన ఉంది: లోపల కడగరాదు. అది విరజ మొదటి విజయం. అంతకు ముందు కాంక్రీటు తెచ్చే బళ్ళు సరుకు దింపాక అక్కడికక్కడే డ్రమ్ములు కడిగేసేవి. ఆవరణంతా బూడిదరంగు బురద. ఆమె బోర్డు పెట్టి, కడిగితే జరిమానా అన్న నాటి నుంచి నేల అద్దంలా ఉంది. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో చిన్న గర్వం ఉంది. అమ్మమ్మ ఆ బోర్డును మాత్రం బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు.

మధ్యాహ్నం ఒక కాంక్రీటు బండి సరుకు దింపి గేటు దాటింది. వెనకాలే స్కూటరు కదిలింది. మలుపు తిరిగాక, పొలాలకూ నర్సరీకీ నీళ్ళు పారే పంట బోదె మీద ఉన్న తూము దగ్గర బండి ఆగింది. డ్రైవరు అప్పలకొండ దిగి, తలగుడ్డ బిగించుకుని, పైపు తీసి కడగడం మొదలుపెట్టాడు. బూడిదరంగు నీళ్ళు గట్టు మీంచి జారి బోదెలో పడి, దిగువకు పోతున్నాయి. దిగువన, కంటికి కనిపించేంత దగ్గరలో, వీరవేణి నర్సరీ ఆకుపచ్చ నెట్టు.

విరజను చూసి అప్పలకొండ బెదరలేదు. మెప్పు కోసం ఎదురుచూసినవాడిలా నవ్వాడు.

“మీరు చెప్పిన కాడ్నుంచి లోపల చుక్క పడనివ్వట్లేదండి మేడం. బళ్ళన్నీ ఇక్కడికే వచ్చేస్తున్నాయండి.”

విరజకు ఈ పాపం ఎవరి మీద వేయాలన్నా దారి లేదు. బళ్ళ వాళ్ళు ఆమె మాట జవదాటలేదు. కడక్కుండా ఉండమంటే కుదరదు, కాసేపైతే డ్రమ్ములో మిగిలింది రాయైపోతుందని అతను ముందే చెబుతున్నాడు. ఆమె అమ్మమ్మ వైపు చూసింది. రత్నమాంబ గారు గొడుగు కింద నిలబడి, నీళ్ళు పోతున్న వైపే చూస్తున్నారు.

“పైపు ఆపు, అప్పలకొండా. బండి వెనక్కి తిప్పు” అంది విరజ.

“వెనక్కా? లోపల కడగరాదు కదండీ” అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

బండి తిరిగి గేటు లోపలికి వచ్చింది. స్థలమెక్కడుందని చూస్తే, గట్టిగా చదునుగా ఉన్నది ఆఫీసు ముందే ఉంది, రేపు ఆడిట్ వాళ్ళకు షామియానా వేయాలని సున్నం గీతలు గీసిన చోటే. విరజ అక్కడే జేసీబీ పెట్టించి గుంట తవ్వించింది, నీరు ఇంకకుండా దళసరి ప్లాస్టిక్ పట్టా పరిపించింది. పక్కనే ఇంకొక గుంట, తేరిన నీళ్ళు అందులోకి చేరి మరుసటి బండిని కడగడానికి పనికొచ్చేటట్టు. అడుగున గట్టిపడిందాన్ని పగలగొట్టి దారి కింద పరుచుకోవచ్చు. మేనేజరు చిట్టిరాజు గారు ఆఫీసులోంచి వచ్చి గుంటనూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. రేపు పెళ్ళివారు వస్తుంటే ఇవాళ వాకిట్లో పెంటపోగు వేసినట్టుంది నీ యవ్వారం అన్నారు. వెనకాల, ఎవరికీ కనపడని చోట తవ్వించుకోవచ్చు కదా అని కూడా అన్నారు.

“ఎవరికీ కనపడని చోటే ఇన్నాళ్ళూ కడిగామండి” అంది విరజ.

ఆయన ఇంకేదో అనబోయి, సర్టిఫికెట్టు పోతే సమాధానం నువ్వే చెప్పుకోమని లోపలికి వెళ్ళిపోయారు. విరజ బోర్డు దింపించి, తిరగేసి, వెనక వైపు తన చేత్తోనే ‘ఇక్కడ కడగండి’ అని రాసి గుంట పక్కన పాతించింది.

అంతకంటే కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. ఆమె నర్సరీకి నడిచి వెళ్ళి, ఆ నీళ్ళు మావేనని, నేను పెట్టిన నియమం వల్లే ఇటు వచ్చాయని వీరవేణితో చెప్పింది. వీరవేణి అరవలేదు. మాడిన మందార ఆకు ఒకటి తుంచి ఆమె చేతిలో పెట్టి, ముందు బోదెలో బురద తీయించండి, మాటలకేం, తీరిగ్గా చెప్పుకుందాం అంది. సైటు నుంచి మనుషులు పారలతో వచ్చారు. బురద ఎత్తి ఆ గుంటలోకే మోశారు. పొద్దు వాలేటప్పటికి బోరు నీళ్ళు తల్లి మొక్కల మొదళ్ళకు పారుతున్నాయి. ఎన్ని దక్కుతాయో ఎవరూ చెప్పలేరు. చిగుళ్ళ కోసం చూడాలి అంతే అంది వీరవేణి.

విరజ తిరిగి వచ్చేసరికి రత్నమాంబ గారు గుంట గట్టున కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు. ఆఫీసులోకి వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆ గుంట చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వస్తోంది. విసుక్కుంటూనే లోపలికి తొంగిచూసి మరీ వెళుతున్నారు.

“ఇప్పుడు బయటికేమీ పోవడం లేదు కదా, అమ్మమ్మా?”

రత్నమాంబ గారు గుంటలోకి వంగి చూశారు. పైన నీళ్ళు తేరుతున్నాయి.

“ఏమోనమ్మా. ఇప్పుడు నీ గుమ్మంలో ఉంది కదా, రోజూ చూస్తుండు” అన్నారు.

తర్వాత లేచి, చీర కుచ్చెళ్ళకు అంటిన సిమెంటు దులుపుకోబోయి ఆగి, దాన్ని అలాగే ఉంచి, స్కూటరు వైపు నడిచారు. మినుములు సగం ఏరి వచ్చానని, ఏరిన బెడ్డలు గుమ్మం బయట పోసి మరిచిపోయానని, పిల్లలు తొక్కక ముందే వెళ్ళి ఎత్తాలని, నడుస్తూనే అన్నారు.