ఓబులేసు రాగి గొట్టం

పన్నెండేళ్ళుగా ఓబులేసు ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నాడు. మస్తాన్ సాహెబ్ నోటి నుంచి ఆ మాట రాలేదు.

కడపలో మస్తాన్ సాహెబ్ షెడ్డుకు పాత కార్లే వచ్చేవి. ఇంకెవరూ ముట్టుకోనివి, సామాన్లు దొరకడం మానేసి ముప్ఫై ఏళ్ళయినవి. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు సొంతంగా చేసిన బండి, వెంట నీళ్ళ క్యాన్ లేకుండా, మధ్యలో ఆగకుండా గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. ఎక్కితే ఉస్తాద్ "ఇంక నీ బోర్డు నువ్వు కట్టుకో" అంటాడు. ఓబులేసు తర్వాత వచ్చిన ఇద్దరు ఆ మాట అనిపించుకుని, ఒకడు ప్రొద్దుటూరులో, ఒకడు రాయచోటిలో షెడ్లు పెట్టుకున్నారు. పనిలో ఓబులేసు వాళ్ళకేమీ తీసిపోడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఆ వేసవిలో వేదవతమ్మ నల్ల కారు వచ్చింది. ఆమె కాలేజీలో పాఠాలు చెబుతుంది. కారు వాళ్ళ నాన్నది. ఆయన పోయి అయిదేళ్ళయింది.

"నాన్న ఎన్నిసార్లు తోలుకుపోయినా ఘాట్ సగంలో ఇది మరిగిపోయేది. రోడ్డు పక్కన కూర్చుని చల్లారబెట్టుకునేవాడు. ఒక్కసారి ఆపకుండా ఎక్కించాలని ఆయనకు ఆశ. ఆయన వల్ల కాలేదు. నేను తోలి ఎక్కించాలని ఉంది సాహెబ్" అందామె.

మస్తాన్ సాహెబ్ బానెట్ ఎత్తి చూశాడు. "మరిగి మరిగి ఈ ఇంజన్ హెడ్ పగిలిందంటే ఇంకొకటి యాడా దొరకదమ్మా. దానికేం కాకుండా చూసేది నా పూచీ" అన్నాడు. ఆమె వెళ్ళాక ఓబులేసు వైపు తిరిగి, "నువ్వే చెయ్" అన్నాడు.

ఓబులేసు నెల రోజులు దానితోనే ఉన్నాడు. పాత రేడియేటర్ తీసి పెద్దది అమర్చాడు. కరెంటు ఫ్యాన్ పెట్టాడు. రబ్బరు గొట్టాలు పీకేసి రాగి గొట్టాలు వేశాడు. గొట్టం నిండా ఇసుక కూరి, రెండు కొసలా బిరడాలు కొట్టి, మంట మీద కాస్తూ నిదానంగా వంచితే ఎక్కడా సొట్ట పడదు. ఆ విద్య ఉస్తాద్ నేర్పిందే. దానితో ఓబులేసు ఇంజన్ మీదుగా వంతెనలా లేచి అవతల రేడియేటర్‌లోకి దిగే గొట్టం ఒకటి చేశాడు. చింతపండు పెట్టి మెరిసేదాకా తోమాడు. నీళ్ళ వేడి చూపే మీటరు తీగను ఆ వంపు నడినెత్తిన, బానెట్ ఎత్తగానే కనబడేలా, ఇత్తడి నట్టుతో బిగించాడు.

చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు వచ్చి చూశారు. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు.

మస్తాన్ సాహెబ్ కూడా వచ్చాడు. వంపు మీద వేలు ఆనించాడు. రేడియేటర్ మూత వైపు చూసి, మళ్ళీ వంపు వైపు చూశాడు.

"ఇంత ఎత్తు ఎందుకురా?"

"అందంగా ఉంటాది గదా ఉస్తాద్."

"ఊ" అన్నాడాయన. "రేపు ఘాట్‌కు పోదాం."

మరునాడు పొద్దున ఓబులేసు బండి తీసేసరికి ఉస్తాద్ తడి గోనె చుట్టిన నీళ్ళ క్యాన్ తెచ్చుకుని, తన కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"క్యాన్ ఎందుకు ఉస్తాద్?"

"ఎండ గదా."

క్యాన్ వెంట ఉంటే ఎక్కినా లెక్కలోకి రాదు. ఓబులేసు గేరు వేశాడు. పన్నెండేళ్ళు ఈ మనిషి గ్రీజు గుడ్డలు ఉతికింది ఇందుకా అనుకున్నాడు.

ఘాట్ మొదలైంది. బండి హాయిగా లాగుతోంది. మీటరు ముల్లు మూడో వంతు దగ్గరే నిలబడి ఉంది. రెండు మలుపులు దాటాక ఓబులేసు ఆగలేకపోయాడు.

"ముల్లు సూడండి ఉస్తాద్. కదల్లే."

ఆయన ముల్లు వైపు చూడలేదు. తల కాస్త ముందుకు వంచి ఇంజన్ చప్పుడు వింటున్నాడు. ఇంకో మలుపు అయ్యాక, "నిలుపు" అన్నాడు.

"సల్లగా ఉండాది గదా!"

"నిలుపు."

ఆగితే ఎక్కినట్టు కాదు. ఓబులేసు వినబడనట్టు ఇంకో మలుపు తిప్పాడు. అప్పుడు మస్తాన్ సాహెబ్ చెయ్యి చాపి తాళంచెవి తిప్పేశాడు. ఒకరు తోలుతున్న బండి మీద ఆయన చెయ్యి వేయడం ఓబులేసు ఎన్నడూ చూడలేదు. బ్రేకు తొక్కి, దిగి, చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. ఏటవాలు మీద బండి ముక్కు పైకెత్తి నిలబడింది.

బానెట్ ఎత్తగానే సెగ మొహాన కొట్టింది. ఉస్తాద్ రాగి వంపు చూపించాడు.

"ఈడ చెయ్యి పెట్టు."

పెట్టాడు. గోరువెచ్చగా ఉంది.

"ఇప్పుడు ఆడ."

ఇంజన్ హెడ్ దగ్గరికి చెయ్యి జానెడు దూరం దాకా కూడా పోలేదు. ఓబులేసు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

చల్లారడానికి గంటన్నర పట్టింది. ఇద్దరూ రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నారు. వేదవతమ్మ మాటలే ఓబులేసు చెవుల్లో తిరుగుతున్నాయి. ఇంకో రెండు మలుపులు తోలి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలుసు. ఆ ఆలోచన చివరిదాకా పోవడానికి భయపడ్డాడు.

ఉస్తాద్ లేచి వంపు మీది ఇత్తడి నట్టు వదులు చేశాడు. బుస్సుమని గాలి వచ్చింది. నీటి చుక్క మాత్రం రాలేదు.

"పొయ్" అన్నాడు.

ఓబులేసు రేడియేటర్ మూత మెల్లగా తీసి క్యాన్ వంచాడు. చదును నేల మీద రేడియేటర్ మూతి కంటే వంపే ఎత్తు. ఎంత పోసినా నీళ్ళు అంతదాకా ఎక్కవు. ఇక్కడ బండి ముక్కు పైకి ఉంది కాబట్టి ఎక్కుతున్నాయి. పోస్తున్న కొద్దీ నట్టు సందులోంచి గాలి పోతూనే ఉంది. తన చేతులతో మూతి దాకా నింపిన బండి అది. ముక్కాలు క్యాన్ తాగింది. చివరికి నట్టు పక్కన ఒక చుక్క నీరు తొంగి చూసింది. ఉస్తాద్ బిగించేశాడు.

మళ్ళీ బయలుదేరారు. ముల్లు మూడో వంతు దాటింది. సగం దాటింది. ఓబులేసు వేగం తగ్గించాడు.

"ఉస్తాద్, ముల్లు ఎక్కుతాంది."

మస్తాన్ సాహెబ్ సీటుకు చేరగిలబడి, బయలుదేరినప్పటి నుంచీ మొదటిసారి కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు తీగ నీళ్ళలో ఉండాది. తోలు."

ముల్లు సగానికి కాస్త పైన ఆగింది. కొండ పైకి చేరాక ఓబులేసు బండి పక్కకు తీసి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి అడిగాడు.

"షెడ్డులోనే తెలుసు గదా మీకు. ఎందుకు చెప్పలే?"

"అడిగితిని గదా" అన్నాడు ఉస్తాద్.

మరునాడు ఓబులేసు రంపం తీసుకుని ఆ వంపును కోసేశాడు. కొత్త గొట్టం ఇంజన్ పక్కగా, రేడియేటర్ మూతి కంటే కిందుగా పోనిచ్చాడు. మీటరు తీగ తీసుకుపోయి ఇంజన్ హెడ్‌లోనే దించాడు. గాలి చేరే వీలున్న ఒక్క చోట చిటికెన వేలంత కొళాయి అతికాడు. ఈసారి చూడటానికి ఎవరూ రాలేదు. బానెట్ ఎత్తినా చూడటానికి అందులో ఏమీ లేదు.

నాలుగో రోజు పొద్దున్నే వేదవతమ్మ వచ్చింది. అప్పటికే ఓబులేసు తనే క్యాన్ నింపి, తడి గోనె చుట్టి, బండిలో పెట్టుకున్నాడు.

మస్తాన్ సాహెబ్ బానెట్ ఎత్తి చిన్న కొళాయి తిప్పాడు. తిప్పీ తిప్పగానే నీళ్ళు వచ్చాయి. కట్టేశాడు. తర్వాత ముందు తలుపు తీసి, క్యాన్ చూసి, ఓబులేసు మొహం చూశాడు. వంగి క్యాన్ బయటికి తీశాడు.

"నువ్వు తోలమ్మా. మావాడు పక్కన కూర్చుంటాడు."

ఓబులేసు ఏదో అనబోయాడు. అప్పటికే ఉస్తాద్ క్యాన్ పట్టుకుని షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళతో చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.